హెపటైటిస్ బి పాజిటివ్ తల్లికి వైద్యం బాగుంది, బిడ్డ సూదుల దగ్గరే లోపం: హనుమకొండలో ఒక ప్రసూతి దవాఖాన

ఈ ప్రైవేటు దవాఖానకు మేమిచ్చే మార్కులు ఐదుకు మూడు. మిగతా రెండూ ఫ్రిజ్ దగ్గరే పోయాయి.

మూడో నెలలోపే హెచ్‌బీఎస్‌ఏజీ, అంటే లివర్‌ను దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో ఉందో లేదో చెప్పే రక్త పరీక్ష రాస్తారు. పాజిటివ్ వస్తే "కామెర్లు లేవు కదా" అని వదిలేయకుండా లివర్ పరీక్షలు, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష) చేయిస్తారు. లోడ్ మిల్లీలీటరుకు 2 లక్షల యూనిట్లు దాటితే 28వ వారం నుంచి వైరస్‌ను అణచే టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి ఇస్తారు. కాన్పయ్యాక దాన్ని సొంతంగా మానొద్దని, మానితే లివర్ వాపు తిరగబెట్టొచ్చని గట్టిగా చెబుతారు. ఈ వైరస్ పేరు చెప్పి సిజేరియన్ చేయరు, పాలు మాన్పించరు. పసరు మందు వద్దని అత్తగారిని కూర్చోబెట్టి మరీ చెప్పడం మాకు చాలా నచ్చింది.

కాన్పు గదిలోకి వచ్చేసరికే పట్టు సడలుతోంది. బిడ్డకు 12 గంటల్లోపు ఒక తొడకు అర మిల్లీలీటరు టీకా, రెండో తొడకు హెపటైటిస్ బి ఇమ్యునోగ్లోబులిన్ పడాలి. టీకాతో రక్షణ తయారవడానికి వారాలు పడుతుంది. కాన్పులో తల్లి రక్తంతో వచ్చిన వైరస్‌ను ఆలోపు ఆపేవి ఇమ్యునోగ్లోబులిన్‌లోని రెడీమేడ్ యాంటీబాడీలు. పుట్టినప్పుడే సోకితే పది మందిలో తొమ్మిది మంది పిల్లలకు అది దీర్ఘకాలం ఉండిపోతుంది. ఇంత ముఖ్యమైన ఇమ్యునోగ్లోబులిన్‌ను ఇక్కడ నిల్వ పెట్టరు. చీటీ చేతికిస్తారు. వేలల్లో ధర, అన్ని మెడికల్ షాపుల్లో దొరకదు, అర్ధరాత్రి కాన్పయితే ఎక్కడని వెతకాలి?

టీకా సీసాలేమో ఫ్రీజర్‌కు ఆనించి ఉన్నాయి, ఫ్రిజ్‌లో థర్మామీటర్ లేదు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన టీకా ఇది. ఒకసారి గడ్డకడితే అందులోని అల్యూమినియం రేణువులు ముద్దకట్టి టీకా పనికిరాకుండా పోతుంది, కరిగాక సీసా మాత్రం మామూలుగానే కనిపిస్తుంది. ఆదివారం పుట్టిన బిడ్డకు "బుధవారం టీకాలప్పుడు వేద్దాం" అనడం ఇంకా పెద్ద తప్పు.

డిశ్చార్జ్ కాగితంలో 6, 10, 14 వారాల పెంటావాలెంట్ (హెపటైటిస్ బి కూడా కలిసిన ఐదు జబ్బుల టీకా) రాశారు. 9 నుంచి 12 నెలల మధ్య బిడ్డకు చేయించాల్సిన హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ హెచ్‌బీఎస్ (టీకా రక్షణ వచ్చిందో లేదో చూసేది) పరీక్షలు రాయలేదు. సూది వేసిన టైమూ లేదు.

ఇక్కడే కాన్పు అనుకున్నవాళ్లు 36వ వారానికల్లా ఇమ్యునోగ్లోబులిన్ తెప్పించి ఫ్రిజ్‌లో పెట్టించండి. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఇది ఉచితంగా ఇవ్వాల్సిందే. స్టాక్ ఉందో లేదో ప్రభుత్వ దవాఖానలో ముందే అడగండి.