కాట్జెస్‌కి వెళ్ళాలా, సెకండ్ అవెన్యూ డెలీకా?

రెండూ న్యూయార్క్‌లోని డెలీలే, అంటే యూదుల తరహా మాంసం, శాండ్‌విచ్‌లు పెట్టే హోటళ్ళు. పాస్ట్రామీ, అంటే ఉప్పు, మసాలా పట్టించి పొగబెట్టిన గొడ్డు మాంసం, అదొక్కటే తినాలంటే కళ్ళు మూసుకుని కాట్జెస్‌కి పోండి, 1888 నుంచి ఉంది, గుమ్మంలోనే చేతిలో బిల్లు రాసే టికెట్ ఒకటి పెడతారు, అది పారేసుకుంటే ఎక్స్‌ట్రా డబ్బులు కట్టాలి, కౌంటర్‌లో మాంసం చేత్తో కోస్తూ రుచి చూడమని ఒక ముక్క ఇస్తారు చూడండి, అక్కడే పడిపోతాం. కాకపోతే అది కోషర్ కాదు, అంటే యూదుల ఆహార నియమాలు పాటించదు, మాంసం పెట్టిన రూబెన్ శాండ్‌విచ్‌లో చీజ్ కూడా వేసేస్తారు.

1954లో పెట్టిన సెకండ్ అవెన్యూ డెలీ మాత్రం కోషర్, మాంసంతో పాలు, చీజ్ కలవనే కలవవు. మాట్జో బాల్ సూప్ అంటే పులియని రొట్టె పొడి ఉండలు వేసిన కోడి చారు, చలికాలంలో నా ఓటు దానికే. అన్నట్టు, పేరులో సెకండ్ అవెన్యూ ఉందని అక్కడికి వెళ్ళిపోయేరు, 2007లోనే 33వ వీధికి మారిపోయింది.