‘డైసీస్’ డిస్క్: ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ విందు సీనే

వ్యెరా ఖితిలోవా 1966లో అప్పటి చెకోస్లవేకియా రాజధాని ప్రేగ్‌లో తీసిన ‘డైసీస్’ సినిమా డిస్క్ నా దగ్గర ఏళ్ల తరబడి ఉంది. కథ జోలికి పోను. ఇన్నేళ్లలో నన్ను వదలనిది చివరి విందు సీనే.

ఎవరో పెద్దవాళ్ల కోసం వడ్డించి ఉంచిన పొడవాటి బల్ల. చుట్టూ మనుషుల్లేరు. సినిమాలోని ఇద్దరమ్మాయిలూ (ఇద్దరి పేరూ మారీయే) ముందు వేలితో రుచి చూస్తారు, తర్వాత చేతుల్తో కుక్కుకుంటారు, చివరికి బల్లెక్కి కేకులు తొక్కుకుంటూ ఫ్యాషన్ షోలోలా నడుస్తారు. మొదట్లో నాకది ఉత్త సంబరం. ఎవరడిగినా “సబ్‌టైటిల్స్ కూడా అక్కర్లేదు, చూడండి చాలు” అనేవాణ్ణి.

ఒక పండక్కి అమ్మ కూడా కూర్చుని చూసింది. వాళ్లు ఒకర్నొకరు కత్తిరించుకునే కత్తెర సీన్లో తలలూ చేతులూ ఊడిపోయి తేలుతుంటే పగలబడి నవ్వింది. విందు మొదలవగానే మొహం మాడిపోయింది. “అన్నం పరబ్రహ్మస్వరూపంరా, ఆపెయ్” అంది. నేను ఆపలేదు. కాసేపటికి వాళ్లిద్దరూ ఒంటికి న్యూస్‌పేపర్లు చుట్టుకుని, గుసగుసలాడుకుంటూ, పగిలిన ప్లేటు ముక్కలు పక్కపక్కన పేర్చి, నలిగిన తిండిని ఎత్తి మళ్లీ పళ్లేల్లో పెడుతుంటే అమ్మ ముందుకి వంగింది. “ఇది వీళ్లంతట వీళ్లు చెయ్యట్లేదు, ఎవరో చేయిస్తున్నారు” అంది. ఏ వ్యాసంలోనూ నాకింత సూటిగా దొరకలేదు.

తిండి దండగ చేశారన్న మాట 1967 మేలో ప్రేగ్ పార్లమెంటులోనూ లేచింది. 21 మంది సభ్యుల తరఫున ఒకాయన ఈ సినిమాని దుమ్మెత్తిపోశాడు. ఖితిలోవా మాత్రం జవాబు ముందే పెట్టేసింది: సినిమా చివర శిథిలాల దృశ్యాల మీద అక్షరాల్లో వేసింది, తొక్కేసిన సలాడ్ ఆకుల కోసం మాత్రమే మండిపడేవాళ్లకి ఈ సినిమా అంకితమని. 1968లో ఆ దేశంలోకి సోవియట్ ట్యాంకులొచ్చాక, 70ల్లో ఆమెని కొన్నేళ్లపాటు సినిమా తియ్యనివ్వలేదు. అయితే అమ్మ కోపాన్ని ఆ సభ్యుల కోపంతో కలిపి చూడలేను. ఆమె ఆకలి ఎరిగిన మనిషి. అప్పట్నుంచి ఆ బల్ల మీది నడక చూస్తే నాకు సంబరం ఒక్కటే కలగదు.

డిస్క్ మీద నా ఫిర్యాదు ఒక్కటే. సబ్‌టైటిల్స్ తెల్లటి అక్షరాలు, వెనక తెల్లటి గోడ వస్తే మాయం. ఫోన్లో ఒకడు ప్రేమ ఒలకబోస్తుంటే వీళ్లు సాసేజ్‌లు కత్తిరించే సీనుంది. వాడి మాటలు అందకపోతే సగం పస పోతుంది. కాబట్టి అప్పట్లో అక్కర్లేదన్నా, సబ్‌టైటిల్స్ కావాల్సిందే.

పెద్ద టీవీ ఉండి, క్షణానికో రంగు మారినా తల నొప్పి రాదనుకుంటే కొనుక్కోండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే విందు సీను ముందు వాళ్లకో మాట చెప్పండి. నేనైతే ఈసారి అమ్మొచ్చినప్పుడు మళ్లీ పెడతాను, తనిష్టపడితేనే.