రీబిల్ట్ టైటిల్ క్యామ్రీ: నాలుగేళ్లు నడిపాక

డాలస్‌లో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మనవాళ్లు నన్ను తరచూ అడిగే మాట: "అన్నా, రీబిల్ట్ టైటిల్ కారు చవగ్గా వస్తోంది, తీసుకోవచ్చా?" టైటిల్ అంటే బండి ఎవరిదో చెప్పే పత్రం; బాగా దెబ్బతిన్న బండిని బాగు చేసి మళ్లీ రోడ్డెక్కిస్తే దాని మీద రీబిల్ట్ అని ముద్ర పడుతుంది. నాలుగేళ్లుగా నా చేతిలో ఉన్నది అలాంటి బండే, 2018 టొయోటా క్యామ్రీ ఎల్‌ఈ. తీసుకోవచ్చు, కానీ దెబ్బ ఎక్కడ తగిలిందో చూశాకే.

యాక్సిడెంటైన బండిని బాగు చేయించడం దండగని ఇన్సూరెన్స్ వాళ్లు వదిలేసుకుంటే దానికి ముందు సాల్వేజ్ టైటిల్ వస్తుంది, బాగు చేశాక అదే రీబిల్ట్ అవుతుంది. న్యూయార్క్‌లో రిపేరు ఖర్చు బండి విలువలో 75 శాతానికి చేరితే చాలు. మా టెక్సస్‌లో ఖర్చు బండి మొత్తం విలువనే దాటాలి. అంటే ఒకేలా దెబ్బతిన్న బండికి అక్కడ సాల్వేజ్ టైటిల్, ఇక్కడ మామూలు టైటిల్ ఉండొచ్చు. అందుకే టైటిల్ మీది ముద్ర ఒక్కటే చూసి భయపడటమూ సరికాదు, ధైర్యపడటమూ సరికాదు. పైగా టెక్సస్‌లో మామూలు కార్లకు ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్‌ను 2025 జనవరి నుంచి తీసేశారు. ఇక చూసుకోవాల్సింది మనమే.

నా బండికి దెబ్బ ఎడమవైపు ముందు మూలన తగిలింది. బంపర్, ఫెండర్, హెడ్‌లైట్, రేడియేటర్ సపోర్ట్ పోయాయి. ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. విన్ నంబరుతో (ప్రతి బండికీ విడిగా ఉండే గుర్తింపు నంబరు) వెతికితే రిపేరుకు ముందు వేలంలో తీసిన ఫొటోలు దొరికాయి. అవి దొరక్కపోతే కొనేవాడినే కాదు. తర్వాత తెలిసిన మెకానిక్ బండిని లిఫ్ట్ మీదికెక్కించి, ఫ్రేమ్ రెయిల్స్ (బండి బరువు మోసే కింది ఉక్కు దూలాలు) వంగలేదని, వాటి మీద వెల్డింగ్ లేదని చూసి చెప్పాడు.

ఇంజిన్, గేర్‌బాక్స్ ఇప్పటిదాకా ఏ ఇబ్బందీ పెట్టలేదు. స్టీరింగ్ పక్కకు లాగదు, టైర్లు సమానంగా అరుగుతున్నాయి. టెన్షన్ పెట్టింది ముందున్న బండ్లను పసిగట్టే రాడార్. ఈ మోడల్‌లో అది గ్రిల్ మీది టొయోటా గుర్తు వెనకే ఉంటుంది. బాగు చేసినవాళ్లు అక్కడ చవకరకం గుర్తు బిగించారు. క్రూజ్ కంట్రోల్ ఉన్నట్టుండి ఆగిపోయేది, డ్యాష్ మీద వార్నింగ్ వచ్చేది. ఒరిజినల్ గుర్తు పెట్టించి, రాడార్ క్యాలిబ్రేషన్ (గురి సరిచేయడం) చేయించాక కుదుటపడింది. కొత్తగా వేసిన హెడ్‌లైట్‌లో మాత్రం వాన పడితే ఆవిరి పడుతుంది, ఎండలో బంపర్ రంగు తేడా కనిపిస్తుంది. వాటితో నాకు పేచీ లేదు.

ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్న బండి అయితే నేను కొనమని చెప్పను. తెరుచుకున్నవాటి స్థానంలో చవకరకం నకిలీ ఇన్‌ఫ్లేటర్లు (బ్యాగులో గ్యాస్ నింపే భాగాలు) బిగించిన కార్లలో మనుషులు చనిపోయారని 2024లో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ హెచ్చరించింది. ఏ బండి చూసినా కీ తిప్పగానే డ్యాష్ మీద ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగకపోతే దాన్ని ఎవరో కావాలనే ఆపేసి ఉండొచ్చు. అక్కడి నుంచి వచ్చేయండి. వరదలో మునిగిన బండ్ల జోలికీ పోవద్దు. సీటు కింది బోల్టుల తుప్పు, కార్పెట్ కింది మట్టి చూస్తే సంగతి తెలిసిపోతుంది.

డబ్బు లెక్క కూడా ముందే వేసుకోవాలి. ఎదుటివాళ్ల నష్టానికి కట్టే లయబిలిటీ ఇన్సూరెన్స్ తేలిగ్గానే దొరికింది, మన బండి నష్టానికీ వర్తించే ఫుల్ కవరేజ్‌కి చాలామంది కాదన్నారు. లోన్ కూడా కష్టమే. డీలర్‌కి పాత బండి ఇచ్చి కొత్తది తీసుకునే ట్రేడ్-ఇన్ అడిగితే రీబిల్ట్ అని విన్న వెంటనే రేటు పడిపోతుంది. రెండేళ్లలో అమ్మేసి ఇండియా వెళ్లిపోయే ఆలోచన ఉంటే ఇలాంటి ముద్రలేవీ లేని క్లీన్ టైటిల్ బండే మేలు. నేనైతే దీన్ని నడిచినన్నాళ్లూ నడుపుతాను.