స్టైలో హెమటా విత్తనం: మేత బీడుకు ఏ మేరకు ఉపయోగం?

అనంతపురం ప్రాంతపు ఎర్రనేలల్లో, గొర్రెలు తిరిగే బీడును మళ్ళీ పచ్చబరచాలనుకునేవారికి తరచుగా వినిపించే సలహా స్టైలో హెమటా అనే పప్పుజాతి మేత మొక్క గింజ చల్లమని. ఈ ప్రాంత రైతులే దీనిని చాలాకాలంగా విత్తనం కోసం పండిస్తున్నందున సంపాదించడం కష్టం కాదు. తంగేడు, వయ్యారిభామ తప్ప మరేమీ మిగలని మా ఊరి పోరంబోకులో, కొంత మేర కంచె వేసి, మిగిలినది వదిలేసి చల్లి చూసిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను.

గింజ నాణ్యత బాగుంది. అయితే పైపొర గట్టిది కాబట్టి 80 డిగ్రీల వేడినీటిలో నాలుగు నిమిషాలు ఉంచి, రాత్రంతా చన్నీటిలో నానబెట్టి చల్లాలి. నేను కొన్న సంచిపై ఈ సూచన లేకపోవడం అమ్మకందారు లోపమే. కొంత గింజను శుద్ధి చేయకుండా కలపడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే తొలకరికి మొలిచినది బెట్టకు ఎండిపోయినా గట్టి గింజ తరువాతి వానకు మొలుస్తుంది.

నేలలోపలి విషయానికి వస్తే, వేరుశనగ వేళ్ళపై బుడిపెలు కట్టే వర్గపు బాక్టీరియాయే దీనికీ సరిపోతుంది కాబట్టి ఇక్కడ గింజకు పట్టించే బాక్టీరియా పొడి (కల్చర్) ప్యాకెట్టుకు వేరే ఖర్చు అక్కరలేదు. బుడిపెను కోసినప్పుడు లోపల గులాబీ రంగు కనిపిస్తే నత్రజని స్థిరీకరణ, అంటే గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మార్చడం, సాగుతున్నట్టే. కంచె లోపల రాలిన ఆకు నేలను కప్పడంతో చెదలు, ఇతర పురుగులు దానిని లోనికి లాక్కుపోతూ చేసిన రంధ్రాల గుండా వాన ఇంకింది. కంచె బయట మాత్రం మొలక పూతకు రాకముందే మేతకు పోయింది, గింజ రాలలేదు, గిట్టల కింద గట్టిపడిన నేలపై నీరు పారిపోయింది. ఒకే సంచి గింజ, ఒకే వాన. తేడా అంతా మేపుదలదే.

మేపడం పూర్తిగా మానాలని కాదు. గింజ రాలిన తరువాత కొద్దిరోజులు మేపి మందను తరలిస్తే పేడ పురుగులు ఎరువును భూమిలోకి చేరుస్తాయి. పశువులకు ఐవర్‌మెక్టిన్ వంటి నట్టల మందు వేసిన వెంటనే అక్కడికి తోలితే ఆ మందు పేడలోకి వచ్చి పేడ పురుగుల పిల్లలను చంపుతుంది. ఈ సంగతి చాలామంది పట్టించుకోరు.

స్టైలోను ఒంటరిగా చల్లడాన్ని నేను సమర్థించను. ఉత్తర ఆస్ట్రేలియాలో స్టైలో మితిమీరి పెరిగిన పచ్చికల్లో అది చేర్చిన నత్రజని మిగిలిపోయి నేల ఆమ్లత్వం పెరిగింది. దీని బంధువైన టౌన్స్‌విల్ స్టైలోను 1970లలో ఆంత్రాక్నోస్ తెగులు అక్కడ తుడిచిపెట్టింది. అంజన్ గడ్డి కలిపితే మిగులు నత్రజనిని అది వాడుకుంటుంది, తెగులు వచ్చినా నేల బోడి కాదు.

విత్తనానికి అయిదుకు నాలుగు మార్కులు ఇస్తాను. ఎకరాకు నాలుగు కిలోల గింజ ఖరీదు కంటే కంచెకు, కాపలాకు అయ్యేదే ఎక్కువ. మొదటి ఏడాది గింజ రాలేవరకు మందలను ఆపడానికి కాపరులు ఒప్పుకోని ఊళ్ళో దీనిని కొనవద్దు.