ఆక్సిజన్ సెన్సర్ ‘క్యాలిబ్రేషన్’ అని బిల్లు వేస్తే డబ్బు కట్టకండి

పెట్రోలు కారు ఉన్నవాళ్లంతా దయచేసి ఇది చదవండి. మా కారులో చెక్ ఇంజిన్ లైటు వెలిగితే ఊళ్లో మంచి పేరున్న గ్యారేజీకి తీసుకెళ్లాం. ‘ఆక్సిజన్ సెన్సర్ క్యాలిబ్రేషన్ తప్పింది’, అంటే పొగగొట్టంలో ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్ లెక్క తప్పింది, సరిచేశాం అని చెప్పి 3,500 రూపాయలు తీసుకున్నారు. లైటు ఆరింది. వారం తిరగకముందే మళ్లీ వెలిగింది. మైలేజీ పడిపోయింది, సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ కుదుపులు.

మన కార్లలో ఎక్కువగా వచ్చే జిర్కోనియా అనే సిరామిక్‌తో చేసిన సెన్సర్‌కు గ్యారేజీలో చేసే క్యాలిబ్రేషన్ అంటూ ఏదీ లేదు. అది 300 డిగ్రీలు దాటి వేడెక్కాక, పొగలోని ఆక్సిజన్‌ను బట్టి సుమారు 0.1 నుంచి 0.9 వోల్టుల దాకా సంకేతం ఇస్తుంది. దాన్ని చూసి ఇంజిన్ కంప్యూటర్ పెట్రోలు పాళ్లు సరిచేసుకుంటుంది. బిగించడానికి స్క్రూ లేదు, మార్చడానికి సెట్టింగు లేదు. ట్యూనింగ్ చేసేవాళ్లు విడిగా కొని పెట్టుకునే కొన్ని వైడ్‌బ్యాండ్ మీటర్లకు (గాలి, పెట్రోలు పాళ్లను ఇంకా కచ్చితంగా కొలిచేవి) క్యాలిబ్రేషన్ అవసరం ఉంటుంది, అది వేరే సంగతి. మా కారుకు వాళ్లు చేసిందల్లా స్కానర్‌తో ఎర్రర్ కోడ్ తుడిచేయడమే.

ఆ కోడ్ వాళ్ల బిల్లు మీదే ఉంది: పీ0135. అంటే సెన్సర్‌ను త్వరగా వేడెక్కించడానికి దాని లోపల ఉండే హీటర్ సర్క్యూట్‌లో లోపం. విజయవాడ ఆటోనగర్‌లో మరో మెకానిక్ కారు కిందికి వెళ్లి చూస్తే, క్లిప్పు ఊడిన వైరు వేడి పొగగొట్టానికి తగిలి కరిగిపోయి ఉంది.

అసలు నష్టం ఇంకోటి. సెన్సర్ విప్పితే దాని మొన నిండా సుద్దలాంటి తెల్లటి పొర. మొదటి గ్యారేజీవాళ్లు ఇంజిన్ పైమూత (ట్యాపెట్ కవర్) దగ్గర ఆయిల్ లీకేజీకి మామూలు సిలికాన్ పేస్టు దట్టంగా పూశారు. ఆ పేస్టు ఆవిరి క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే భాగం) నుంచి ఇంజిన్ పీల్చే గాలిలో కలిసి, లోపల కాలి, సిలికాగా మారి సెన్సర్ రంధ్రాలను మూసేస్తుంది. అది కడిగితే పోదు. వేడెక్కిన మంచి సెన్సర్ వోల్టేజీ చూపే గీత స్కానర్ తెర మీద గబగబా పైకీ కిందికీ కొట్టుకుంటుంది. మాది ఈడ్చుకుంటూ కదిలింది. వైరు బాగుచేస్తే సరిపోయే పనికి కొత్త సెన్సర్ కొనాల్సి వచ్చింది. అలాగే తిప్పి ఉంటే పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌కూ ముప్పే, దాని ధర ఇంకా చాలా ఎక్కువ.

కాబట్టి కోడ్ నంబరు కాగితం మీద రాయించుకోండి. ఇంజిన్ వేడెక్కాక స్కానర్‌లో ఆ గీతను మీ కళ్ల ముందే చూపించమనండి. పేస్టు పూస్తుంటే ట్యూబు మీద ‘సెన్సర్ సేఫ్’ అని ఉందో లేదో చూడండి. సెన్సర్ మారిస్తే పాతది అడిగి తీసుకోండి; కొత్తది మీ ఛాసిస్ నంబరుకు సరిపోయేదే కొనండి. వైర్లు కత్తిరించి అతికిస్తామంటే ఒప్పుకోకండి: పొగతో పోల్చుకోవడానికి కావాల్సిన బయటి గాలిని చాలా సెన్సర్లు ఆ వైర్ల సందుల్లోంచే తీసుకుంటాయి.