చెరిపివేతే అసలు పరీక్ష: బ్రిటన్ పోలీసు డీఎన్‌ఏ డేటాబేస్ నియమాలపై సమీక్ష

పోలీసుల చేతిలో ఉండే డీఎన్‌ఏ డేటాబేస్ ఎందరు నేరస్థులను పట్టించిందన్న లెక్క చూసి దాని నియమాలకు మార్కులు వేయడం సరికాదు. అందులో ఉండనక్కరలేని మనిషి వివరాలు ఎంత త్వరగా, ఎవరినీ బతిమాలకుండానే తొలగిపోతాయన్నది చూడాలి. ప్రపంచంలో తొలి జాతీయ డీఎన్‌ఏ డేటాబేస్ 1995లో బ్రిటన్‌లో మొదలైంది. దాని నిర్వహణకు ఇంగ్లండ్, వేల్స్‌లలో 2013 అక్టోబరు 31 నుంచి అమలవుతున్న నియమాలను ఈ గీటురాయి మీదే పరిశీలించాను. ఐదుకు మూడున్నర ఇవ్వవచ్చు; పోయిన ఒకటిన్నర ఎక్కడ పోయిందో కింద వివరిస్తాను.

ముందుగా ఒప్పుకోవలసిన సంగతి ఏమిటంటే, ఈ నియమాలు ప్రభుత్వం మనసు మారి తెచ్చినవి కావు. కేసు కొట్టివేసినా, నిర్దోషిగా తేలినా నమూనాలను ఉంచుకునే వీలు 2001 చట్టంతోనూ, శిక్షతో గానీ నేరారోపణతో గానీ పని లేకుండా అరెస్టు కాగానే నమూనా తీసుకునే అధికారం 2003 చట్టంతోనూ పోలీసులకు దక్కాయి. పదకొండేళ్ల వయసులో అరెస్టయి నిర్దోషిగా బయటపడిన ఒక బాలుడి తరఫునా, కేసు ఉపసంహరణ అయిన మరో వ్యక్తి తరఫునా దాఖలైన ఫిర్యాదులపై యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2008 డిసెంబరు 4న తీర్పు ఇస్తూ, ఈ పద్ధతి వ్యక్తిగత జీవిత హక్కును భంగపరుస్తోందని పదిహేడుగురు న్యాయమూర్తుల ఏకాభిప్రాయంతో తేల్చింది. దాని ఫలితమే పై నియమాలను తెచ్చిన 2012 నాటి ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం.

ఈ చట్టంలో నాకు అన్నిటికన్నా నచ్చినది నమూనాకూ ప్రొఫైల్‌కూ మధ్య గీసిన గీత. ఠాణాలో బుగ్గ లోపలి వైపు పుల్లతో రుద్ది తీసే నమూనాలో మనిషి జన్యు సమాచారం యావత్తూ ఉంటుంది. అతని ఆరోగ్యం, వంశం, బంధుత్వాల గురించి ముందు ముందు ఏ పరీక్ష వచ్చినా చదవగలిగినంత ముడిసరుకు అది. ప్రొఫైల్ అలాంటిది కాదు. 2014 నుంచి వాడుకలో ఉన్న డీఎన్‌ఏ-17 పద్ధతిలో, జన్యు పదార్థంలోని పదహారు చోట్ల పునరావృతాలను లెక్కించి, ఒక చోట 15, 18 అన్నట్టుగా జంట అంకెలు రాసుకుంటారు. పదిహేడవది స్త్రీ పురుష భేదాన్ని తెలిపే గుర్తు. ఆ అంకెల వరుస మనిషిని గుర్తించడానికి చాలు, అతని గురించి కథలు చెప్పడానికి చాలదు. అందుకే నమూనా నుంచి ప్రొఫైల్ తయారైన వెంటనే, ఎంత ఆలస్యమైనా ఆరు నెలల లోపు, శిక్ష పడినవారిదైనా సరే నమూనాను ధ్వంసం చేయాలని చట్టం ఆదేశిస్తోంది. ఈ నియమం కాగితం మీదే ఉండిపోలేదు: కొత్త చట్టానికి అనుగుణంగా 77 లక్షలకు పైగా నమూనాలను ధ్వంసం చేశారు, 17 లక్షలకు పైగా ప్రొఫైళ్లను తొలగించారు. అయితే కోర్టులో సాక్ష్యంగా అవసరమైతే నమూనాను ఎక్కువ కాలం ఉంచుకోవచ్చన్న మినహాయింపును 2014లో చేర్చారు. అవసరం నిజమైనదే కానీ, ఇలాంటి మినహాయింపు మీద కన్నేసి ఉంచకపోతే అదే మామూలు పద్ధతిగా మారడానికి ఎంతో కాలం పట్టదు.

ప్రొఫైళ్ల గడువుల్లో మెట్లు ఎక్కువే అయినా వాటి వెనుక తర్కం స్పష్టం. గతంలో శిక్ష లేని వ్యక్తి చిన్న నేరంలో అరెస్టయి శిక్ష లేకుండా బయటపడితే ప్రొఫైల్ తొలగిపోతుంది, అయితే దానికి ముందు ఒక్కసారి డేటాబేస్ మొత్తంతో పోల్చి చూడవచ్చు. హత్య, అత్యాచారం, దోపిడీ వంటి తీవ్ర నేరాల జాబితాలోని నేరం మోపి శిక్ష పడకపోతే మూడేళ్లు ఉంచుతారు. మరో రెండేళ్లు పొడిగించాలంటే జిల్లా న్యాయమూర్తి ఆదేశం కావాలి. నేరం మోపకుండా కేవలం అరెస్టుతో ఆగిన తీవ్ర కేసులో, ఉంచుకోవాలంటే పోలీసులే బయోమెట్రిక్స్ కమిషనర్ (పోలీసులు డీఎన్‌ఏ, వేలిముద్రలు వాడే తీరును గమనించే స్వతంత్ర అధికారి) సమ్మతి కోరాలి. అడగవలసిన భారం పౌరుడి మీద గాక పోలీసుల మీద ఉండడం ఈ నియమంలో మెచ్చుకోదగిన సంగతి.

ఆ భారం పౌరుడి మీదికి మారిన చోటే సేవ నాణ్యత దిగజారింది. తప్పుడు ఫిర్యాదు మీద అరెస్టయ్యామనో, అసలు నేరమే జరగలేదనో చూపి ముందస్తు తొలగింపు కోరే దరఖాస్తు పద్ధతి ఉంది, కానీ దానిపై నిర్ణయం తీసుకునేది ఆ రికార్డును చేర్చిన పోలీసు దళం అధిపతే. తన దళం చేసిన అరెస్టు నిరాధారమని తానే ఒప్పుకుంటూ సంతకం చేయవలసిన అధికారిని మధ్యవర్తిగా పెట్టడం ఏ న్యాయం? బయటి వ్యక్తి నిర్ణయించే ఏర్పాటు లేనంతవరకు ఈ భాగానికి సగం మార్కు కూడా ఎక్కువే.

పర్యవేక్షణ బాధ్యత స్ట్రాటజీ బోర్డుది. ప్రొఫైళ్ల ధ్వంసంపై అది ఇచ్చే మార్గదర్శకాలను పోలీసు అధిపతులు పాటించి తీరాలి; బోర్డు పాలనా నియమాలనూ వార్షిక నివేదికనూ హోం మంత్రి ప్రచురించి పార్లమెంటు ముందు ఉంచాలి. ఇంతవరకు బాగానే ఉంది. అయితే ఏ ప్రొఫైల్‌ను ఎప్పుడు తొలగించాలన్న సూచన వచ్చేది అరెస్టులు, శిక్షల రికార్డులుండే పోలీస్ నేషనల్ కంప్యూటర్ నుంచి. ఆ కంప్యూటర్‌లో చెరిపివేత ప్రోగ్రామ్ తప్పుగా పనిచేయడం వల్ల వేలిముద్రలు, డీఎన్‌ఏ, అరెస్టు రికార్డులు పొరపాటున చెరిగిపోయాయని 2021 జనవరిలో బయటపడింది. ఉంచవలసినవాటిని చెరిపే యంత్రం, చెరపవలసినవాటిని వదిలేసినా ఎవరి కంటా పడకపోవచ్చు. పోయిన రికార్డు కోసం పోలీసులు వెతుక్కుంటారు గానీ, మిగిలిపోయిన రికార్డు గురించి సంబంధిత వ్యక్తికి తెలిసే దారి ఏది?

మిగిలిన లోపం శిక్ష పడిన పెద్దలది. వారి ప్రొఫైల్‌కు గడువు లేదు. నేరం చిన్నదైనా పెద్దదైనా ఒకటే లెక్క. ఉత్తర ఐర్లండ్‌లో మద్యం తాగి వాహనం నడిపినందుకు 50 పౌండ్ల జరిమానా, ఏడాది డ్రైవింగ్ నిషేధం పడిన వ్యక్తి ప్రొఫైల్‌ను, నేర తీవ్రత చూడకుండా, పునఃసమీక్షకు అవకాశం ఇవ్వకుండా నిరవధికంగా ఉంచడం హక్కుల ఉల్లంఘనేనని అదే యూరోపియన్ న్యాయస్థానం 2020 ఫిబ్రవరి 13న తేల్చింది. మొదటి తీర్పు తర్వాత నిర్దోషుల కోసం ఇన్ని మెట్లు కట్టిన చట్టంలో, చిన్న నేరానికి జరిమానా కట్టి ఇరవై ఏళ్లు ఏ తప్పూ చేయకుండా బతికిన వ్యక్తి కోసం ఒక్క మెట్టు కట్టినా నా మార్కులు నాలుగు దాటేవి.