తాడ్వాయిలో పడిన అడవికి ఏది మేలు: నాటడమా, వదిలేయడమా?

తొలకరి పడిందంటే వరంగల్, హనుమకొండ నుంచి ఒకటే ప్రశ్న: తాడ్వాయి–మేడారం అడవిలో మొక్కలు నాటడానికి ఎప్పుడు రావాలి? 2024 ఆగస్టు 31న గాలివానకు అక్కడ 50 వేలకు పైగా చెట్లు కూలాయి కాబట్టి అడగడం సహజమే. కానీ అది ఏటూరునాగారం అభయారణ్యం, 1952 నుంచి రక్షణలో ఉన్న అడవి. రోడ్డు పక్క ఖాళీ జాగా కాదు.

నాటితే ఏ జాతి కావాలో ఎంచుకోవచ్చు, లెక్క చూపించవచ్చు. చిక్కల్లా గుంతలకు ముందు చేసే జంగిల్ కటింగ్‌తోనే, అంటే కంప, తుప్పలు నరికి నేల చదును చేయడంతోనే. గడ్డిలో వెలుతురు కోసం కాచుకున్న నల్లమద్ది, ఏగిస పిల్లమొక్కలు కంపతోపాటే తెగిపోతాయి. వాటి స్థానంలో రోజూ నీళ్లు తాగిన నర్సరీ మొక్క వస్తుంది, మొదటి ఎండాకాలానికే మాడుతుంది.

సీడ్‌బాల్స్ (గింజలు పెట్టి విసిరే మట్టి ఉండలు) సంగతి రెండు ముక్కల్లో: ఇప్పగింజ వారాల్లోనే మొలిచే శక్తి పోగొట్టుకుంటుంది, టేకు కాయను నానబెట్టి ఎండబెట్టందే సరిగా మొలవదు. ఫొటోకు బాగుంటాయి.

నా మొగ్గు వదిలేయడానికే. టేకు, నల్లమద్ది, చిరుమాను మొదలు దగ్గర విరిగితే మోడు నుంచి పిలకలు వేస్తాయి. పాతవేరు బలంతో లేచే పిలకను నాటిన మొక్క అందుకోలేదు. అయితే చీలిన మోడుపై ఎత్తున పుట్టిన పిలక గాలికి ఊడిపోతుంది, నేలకు ఆనుకుని వచ్చిందే నిలుస్తుంది. అందుకే మోడును జానెడు ఎత్తులో ఏటవాలుగా కోయాలి, నీరు నిలవదు. అది సిబ్బంది పని. వేళ్లతో సహా లేచిన చెట్టు మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. అక్కడ తునికి, మోదుగ వేరుపిలకలే దిక్కు.

వదిలేయడమంటే చేతులు కట్టుకు కూర్చోవడం కాదు. వెలుతురు పడ్డచోట లాంటానా అనే కలుపు పొద ముందు దూకుతుంది. పైపైన నరికితే మళ్లీ చిగురిస్తుంది. నేలలో రెండంగుళాల కింద వేరు తెంచి, కాయ పట్టకముందే పొదను తలకిందులుగా పెట్టాలి.

అన్నిటికన్నా పెద్దది నిప్పు. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు తగలబెడితే, పక్కనే పడి ఎండిన దుంగలు రోజుల తరబడి రగులుతాయి, పిలకలు మాడతాయి. మంట దాటకుండా ఆకు తీసేసిన బాట, అంటే ఫైర్‌లైన్, ఊడ్చినా దానికి అడ్డంగా ఒక్క దుంగ మిగిలితే మంట దాని మీదుగానే దాటుతుంది.

రావాలనుకునేవాళ్లు జూన్‌లో కాదు, మంటల కాలానికి ముందు జనవరిలో రండి. రేంజ్ ఆఫీసులో అనుమతి అడిగి, గడ్డపారకు బదులు చీపురు, రంపం పట్టుకుని.